రేకుల్లేని మల్లె చుట్టం

(డాలస్ శివారులో ఒక లైబ్రరీ హాల్లో, ఫిబ్రవరి నెల శనివారం సాయంత్రం, నెలనెలా కలుసుకునే తెలుగువాళ్ళ ముందు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు చాలానే ఉన్నాయి.

లోపలికి వస్తుంటే ఒకమ్మాయి అడిగింది, "ఆంటీ, ఈ ఎండుపుల్లలు ఎందుకు తెచ్చారు?" అని. పువ్వుల గురించి మాట్లాడతానని చెప్పి గాజుసీసాలో పుల్లలు పెట్టుకొస్తే ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది. ఇవి ఎండలేదమ్మా. నిండా పూసి ఉన్నాయి. పొద్దున్నే కోసుకొచ్చాను. కాసేపాగితే మీ చేతికే ఇస్తాను, భూతద్దాలు కూడా తెచ్చాను.

ముందు నా సంగతి. నేను వృక్షశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. మాది కడియం దగ్గర పల్లె. మా నాన్న నర్సరీలో అంట్లు కట్టేవారు. స్కూలు నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చుని కవర్లలో మట్టి నింపడం, అదే నా చదువు. ఇక్కడికొచ్చాక పాతికేళ్ళు బ్యాంకులో లెక్కలు చూశాను. తర్వాత టెక్సస్ మాస్టర్ నేచురలిస్ట్ శిక్షణ తీసుకుని, శని ఆదివారాలు పిల్లల్ని అడవిదారుల్లో తిప్పుతుంటాను. కాబట్టి ఇవాళ పండితుల ప్రసంగం వినబోతున్నామని అనుకోకండి.

ఈ పుల్లల పేరు ఎల్బో బుష్. మోచేతి పొద అనుకోండి. ఇదిగో, ఈ కొమ్మ చూడండి. కొమ్మ మీంచి పిల్లకొమ్మ ఎలా వచ్చిందో. మన జామకొమ్మలు ఏటవాలుగా పైకి పోతాయి కదా, ఇది అలా కాదు. మూలమట్టం పెట్టి గీసినట్టు అడ్డంగా పోతుంది. చెయ్యి చాపి మోచెయ్యి మడిస్తే వచ్చే ఆకారం. పది పొదలు ఒకచోట పెరిగాయంటే ఆ మోచేతులన్నీ ఒకదాన్లో ఒకటి పెనవేసుకుని కుక్క కూడా దూరలేదు. పిట్టలకి అదే కావాలి. గూడు అందులో పెడితే గద్ద రాదు.

దీనికే ఇంకో పేరు స్ప్రింగ్ హెరాల్డ్, అంటే వసంతం వస్తోందని ఊళ్ళో దండోరా వేసేది. మన ప్రాంతంలో జనవరి ఆఖరు నుంచే పూత మొదలవుతుంది. రెడ్‌బడ్ చెట్లు గులాబీరంగు తిరిగి అందరూ ఫోటోలు తీసుకునే వేళకి దీని పని అయిపోతుంది. శాస్త్రం పేరు ఫారెస్టియెరా ప్యూబెసెన్స్. ప్యూబెసెన్స్ అంటే నూగు ఉన్నది. ఫారెస్టియెరా అన్నది ప్రజాతి పేరు. అందులో ఇరవై అటూ ఇటూగా జాతులున్నాయి. అన్నీ ఈ ఖండానివే. అమెరికా దక్షిణ భాగం, మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. చాలామటుకు పొదలు, కొన్ని చిన్న చెట్లు.

ఇంత ఎండుపుల్లల మొక్క గురించి తెలుగువాళ్ళని పోగుచేసి చెప్పడం ఎందుకంటే, ఇది మన మల్లెకి చుట్టం. నిజంగానే. వృక్షశాస్త్రంలో ఓలియేసీ అనే కుటుంబం ఉంది, ఆలివ్ కుటుంబం. ఆలివ్ కంటే మల్లె పేరు పెట్టి ఉంటే మనకి బాగుండేది, కానీ పేర్లు పెట్టినవాళ్ళు యూరప్‌వాళ్ళు, వాళ్ళకి దగ్గరిది ఆలివే. ఆ ఇంట్లో 600 జాతుల పైనే ఉన్నాయి. మల్లె, సన్నజాజి, విరజాజి, పారిజాతం అందులోవే. ఇక్కడి వీధుల్లో ఉన్న యాష్ చెట్టు, చలిప్రాంతాల్లో పూసే లైలాక్, మీ ఇళ్ళ ముందు కంచెగా కత్తిరించి పెట్టుకున్న ప్రివెట్ కూడా అక్కడివే. ప్రివెట్ సంగతికి తర్వాత వస్తాను. దానిమీద నాకు కొంచెం కోపం ఉంది.

మన అడవుల్లో ఇంకొకటి ఉంది. మగలింగ అంటారు, మొక్కపు చెట్టని కూడా అంటారు. రాక్స్‌బర్గ్ దొర సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరం మొక్కల్ని బొమ్మలు గీయించి వర్ణించాడే, ఆయనే ఈ చెట్టు ప్రజాతికి ష్రెబెరా అని పేరు పెట్టాడు. మగ్గంలో నేసిన బట్ట చుట్టుకునే కర్రకి వాడేవారని ఇంగ్లీషులో దాన్ని 'నేతగాడి దూలం చెట్టు' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. బేరిపండు ఆకారంలో చెక్కలాంటి గట్టి కాయ కాస్తుంది. అదీ మల్లె ఇంటిదే అంటే ఎవరు నమ్ముతారు?

మరి వీటన్నిటికీ పోలిక ఏమిటి? రెండు గుర్తులు చెబుతాను. ఒకటి, ఆకులు జంటలుగా, ఎదురెదురుగా వస్తాయి. ఈ కుటుంబంలో దాదాపు అంతటా అంతే. పారిజాతం రెమ్మ గుర్తు తెచ్చుకోండి, గరుకాకులు ఎదురుబొదురుగా ఉంటాయి. రెండోది పువ్వు లోపల ఉంటుంది. సన్నజాజి గొట్టాన్ని గోటితో చీల్చి చూడండి. కేసరాలు రెండే. మందారంలో లెక్కపెట్టలేనన్ని ఉంటాయి, వంకాయ పువ్వులో అయిదు ఉంటాయి, ఇక్కడ మాత్రం రెండు. పారిజాతంలో రెండు, ఆలివ్‌లో రెండు, లైలాక్‌లో రెండు. గుండుమల్లెతో ప్రయత్నించకండి, రేకు మీద రేకు వచ్చేలా మనుషులు దాన్ని మార్చేశారు, అందులో ఏం లెక్క దొరకదు.

ఇప్పుడు మన మోచేతి పొద దగ్గరికి వస్తే, ఎదురుబొదురు ఆకుల మాట నిలబెట్టుకుంది. రెండు కేసరాల మాట మాత్రం ఖచ్చితంగా పాటించదు. రెండుండొచ్చు, మూడు, నాలుగు కూడా ఉండొచ్చు. అసలు వింత అది కాదు. దీనికి రేకులు లేవు.

ఒక్క రేకు కూడా లేదు. వాసన కూడా మన ముక్కుకి అందేది కాదు. కిందటేడాది ఆకు రాలిపోయిన చోట, బూడిదరంగు పుల్ల మీద ఆవగింజంత మొగ్గలు వస్తాయి. మొగ్గ పొలుసులు విచ్చుకుంటే లోపల్నుంచి లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన కుచ్చు బయటికొస్తుంది. నాలుగడుగుల దూరంలో నిలబడితే ఆ పుల్లమీద ఏదో పసుపు పడిందనిపిస్తుంది, అంతే. ఆకులు ఇంకా పుట్టవు. రేకుల్లేవు, ఆకుల్లేవు. మా అమ్మ మొదటిసారి ఇక్కడికొచ్చి చూసి "ఇదేం పూతే, చెట్టుకి తట్టు పోసినట్టుంది" అంది. (నవ్వులు)

ఎందుకలా? ఆలోచిస్తే మల్లె ఖర్చంతా ఎవరికోసం? రాత్రివేళ ఎగిరే పురుగుల కోసం. తెల్లరంగు చీకట్లో కనపడటానికి, వాసన దూరం నుంచి పిలవడానికి. మనం మాలలు కట్టుకోవడం మధ్యలో దొరికిన లాభం. ఈ పొద ఎక్కువగా గాలిని నమ్ముకుంది. గాలికి రంగు చూపించి లాభమేమిటి, వాసన చూపించి లాభమేమిటి? రేకులుంటే పుప్పొడికి అడ్డం కూడా. ఆకులు రాకముందే పూయడం కూడా అందుకే, కొమ్మల మధ్య గాలి అడ్డులేకుండా పోవాలి. గాలిని నమ్ముకున్న యాష్ చెట్లూ చాలామటుకు అంతే, రేకుల్లేకుండా ఆకులకంటే ముందు పూస్తాయి. అయితే తేనెటీగలు దీన్ని వదిలిపెట్టవు. ఫిబ్రవరిలో ఇంకేం దొరుకుతుంది వాటికి? ఎండ కాసిన మధ్యాహ్నం మా పొద దగ్గర నిలబడితే చెవిలో జుమ్మంటుంది.

2021 ఫిబ్రవరి ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. డాలస్‌లో మైనస్ రెండు ఫారెన్‌హీట్, మన లెక్కలో సున్నాకి పంతొమ్మిది డిగ్రీలు కింద. కరెంటు లేదు. పైపులు పగిలాయి. గ్యారేజీలో పెట్టుకున్న నా మల్లె కుండీలు మూడు, పన్నెండేళ్ళు పెంచుకున్న కరివేపాకు చెట్టు ఒకటి, అన్నీ పోయాయి. మల్లె పోయినప్పుడు ఏడవలేదు కానీ కరివేపాకు చెట్టుకి ఏడ్చాను. ఆ పదిరోజుల మంచు కరిగాక పెరట్లోకి వెళ్తే, ఏమీ జరగనట్టు ఈ పొద పూసి ఉంది. అప్పటిదాకా దాన్ని నేను పట్టించుకోలేదు. ఎవరో ఇస్తే కంచె మూల పాతిపెట్టాను, అంతే. ఆ రోజు నుంచి దాని వెంట పడ్డాను.

వెంటపడ్డాక మొదట తెలిసింది, నా పొదకి కాయ కాయదని. నాలుగేళ్ళయింది, పూస్తుంది, కాయదు. ఎరువు వేశాను. నీళ్ళు ఎక్కువ పోశాను, తక్కువ పోశాను. మొక్క ఇచ్చిన నర్సరీకి ఫోన్ చేస్తే "ఇంకా వయసు రాలేదేమో" అన్నారు. మా నాన్న బతికుంటే నవ్వేవారు. తాడిచెట్టు తెలుసు కదా మీకు? పోతుతాడి, పెంటితాడి. పోతుతాడి గెలలు వేస్తుంది కానీ ముంజెలు కాయదు. కడియం పిల్లనై ఉండి, తాడితోపుల మధ్య పెరిగి, నా పెరట్లో పోతుమొక్క నాలుగేళ్ళుంటే గుర్తుపట్టలేకపోయాను. ఫారెస్టియెరాల్లో చాలామటుకు పోతు వేరు, పెంటి వేరు. అప్పుడప్పుడు రెండూ కలిసిన పువ్వులు వస్తాయి కానీ దాన్ని నమ్ముకోకూడదు. పూత, కాయ లేని రోజుల్లో ఎంత పండితుడైనా చూసి చెప్పలేడు. కాబట్టి మీరెవరైనా నాటాలనుకుంటే ఒకటి తెచ్చుకోవద్దు. నాలుగైదు తెచ్చుకోండి. లేదా పూసినప్పుడు వెళ్ళి చూసి తెచ్చుకోండి.

పెంటిమొక్కకి కాసే పండు నల్లగా, నీలంగా ఉండి పైన ద్రాక్షపండు మీద ఉన్నట్టు తెల్లటి పొడి ఉంటుంది. కరివేపాకు పండు చూశారు కదా, ఆ సైజు, ఆ తీరు. వేసవి మొదట్లో పండుతుంది. లోపల ఒకటే గింజ. ఆలివ్ కాయకి చిన్న బొమ్మ అనుకోండి. బాబ్‌వైట్ అనే కౌజుపిట్టలు, రాబిన్లు తింటాయి.

ఈ ప్రజాతిలో నాకు బాగా నచ్చేది అన్నదమ్ముల మధ్య తేడా. ఒకడు బురదలో ఉంటాడు, ఒకడు ఎడారిలో. బురదలో ఉండేది ఫారెస్టియెరా అక్యుమినేటా, స్వాంప్ ప్రివెట్ అంటారు. మిసిసిపీ నది కింది భాగంలో, దాని ఉపనదుల పక్కన, ఏటా వరద వచ్చే పల్లపు అడవుల్లో పెరుగుతుంది. నెలల తరబడి మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ఉంటుంది. వేరే చెట్టయితే వేరు కుళ్ళి చచ్చేది. న్యూమెక్సికో పోతే అక్కడ ఇంకో రకం, సన్నాకుది, రియో గ్రాండే ఒడ్డు అడవుల్లోనూ ఎండిన కొండవాలుల్లోనూ పెరుగుతుంది. శాంటా ఫే, ఆల్బకర్కీ ఊళ్ళలో దాన్ని న్యూమెక్సికో ఆలివ్ అని ఇళ్ళముందు పెంచుకుంటారు, తెల్లటి బెరడు, శరదృతువులో బంగారపు ఆకులు. అది మన మోచేతి పొదలో ఒక రకమేనని కొందరు, వేరే జాతి అని కొందరు. ఆ తగువు మనకెందుకు. హోపీ అనే ఆదివాసులు ఆ కర్రతో నేల తవ్వే పుల్లలు చేసుకునేవారు. అంత గట్టిది.

బురదలో ఉండేదాని దగ్గరికి మళ్ళీ వెళ్దాం, అక్కడ ఒక కథ ఉంది. దాని పండ్లు వరద నీళ్ళు అడవిలో ఉన్నప్పుడే పండి రాలతాయి. నీళ్ళలో పడ్డ పండు ఏమవుతుంది? అమెజాన్ నదిలో చేపలు పండ్లు తిని గింజలు మోసుకెళ్తాయని ముందునుంచీ తెలుసు. ఉత్తర అమెరికాలో అలాంటిది ఉందని ఎవరూ చూపించలేదు. ఇల్లినాయ్ పరిశోధకులు మిసిసిపీలో చానెల్ క్యాట్‌ఫిష్‌ని పట్టి చూశారు. మన జెల్లలాంటిది, మీసాల చేప. దాని కడుపులో ఈ స్వాంప్ ప్రివెట్ గింజలు, ఎర్ర మల్బరీ గింజలు దొరికాయి. ఆ గింజలు నాటితే మొలిచాయి. 2003లో అచ్చయిన ఆ వ్యాసం ఈ ఖండంలో చేపలు విత్తనాలు జల్లుతాయనడానికి మొదటి సాక్ష్యం. అంటే మనం ఇక్కడ మసాలా పెట్టి వేపుకు తినే క్యాట్‌ఫిష్ ఒక తోటమాలి. వరదలో అడవిలోకి ఈదుకెళ్ళి, పండు మింగి, నది పైకి ఎక్కడో వెళ్ళి విత్తనం వేసి వస్తుంది. నీళ్ళలో పడ్డ గింజని వరద కిందికే తీసుకెళ్తుంది, చేపయితే నీటికి ఎదురు కూడా మోసుకెళ్ళగలదు. ఇది వినగానే నాకు గోదారి గుర్తొచ్చింది. వరదల్లో లంకల్లోకి చేపలు ఎగబడి వస్తాయి కదా. అక్కడ ఏ చెట్టు పండ్లు తింటున్నాయో ఎవరైనా చూడాల్సిన పని.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బాధ పెట్టే సంగతి. రేకులు లేకపోవడం ఈ కుటుంబపు స్వభావం కాదు, మల్లెకి ఉన్నాయి కదా. ఫారెస్టియెరాకి బాగా దగ్గరి చుట్టం ఒకటి ఉండేది, దానికి రేకులున్నాయి. మంచి పసుపురంగు రేకులు. మెక్సికో పశ్చిమాన, తీరానికి 240 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ సముద్రంలో గ్వాడలూప్ అనే దీవి ఉంది. 1875లో ఎడ్వర్డ్ పామర్ అనే ఆయన అక్కడ మొక్కలు సేకరించాడు. ఒక లోయలో చిన్నచెట్టు కనపడింది. చాలా చెట్లు ఎండిపోయి ఉన్నాయి, బతికున్నవి కొద్దిపాటివే. కొమ్మలు కోసి ఎండబెట్టి పంపించాడు. మరుసటి ఏడు హార్వర్డ్‌లో ఏసా గ్రే దానికి హెస్పరిలియా పామెరి అని పేరుపెట్టాడు. పడమటి ఆలివ్ అని అర్థం. అంతే. ఆ తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు.

మేకలు తినేశాయి. ఓడలవాళ్ళు దారిలో మాంసానికి పనికొస్తాయని దీవిలో మేకల్ని వదిలారు, అవి వేలల్లో పెరిగాయి. మొలకెత్తిన ప్రతిదాన్నీ తిన్నాయి. ముసలి చెట్లు చచ్చిపోయాయి, పిల్లచెట్లు లేవు. 2000 తర్వాత ఆ మేకల్ని దీవి నుంచి పూర్తిగా తొలగించారు. కొన్ని మొక్కలు తిరిగి వచ్చాయి. ఇది రాలేదు.

మరి దాని చుట్టరికం ఎలా తెలిసింది? పామర్ ఎండబెట్టిన ఆకు ముక్క ఉంది కదా హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల్ని దాచిపెట్టే చోట. దాన్లోంచి డీఎన్ఏ తీసి చదివారు, దాదాపు 140 ఏళ్ళ తర్వాత. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. అమెరికా ఖండపు ఆలివ్ చుట్టాల్లో, ఫారెస్టియెరా పక్కన దాని చోటు తేలింది. ఇంకో విషయం, ఆ దీవి సముద్రంలోంచి పైకి రాకముందే ఆ చెట్టు వంశం వేరుపడింది. ఎక్కడో పెద్దనేల మీద పుట్టి, అక్కడ నశించి, ఆఖరి ఇల్లుగా ఆ దీవిలో మిగిలింది. ఆ ఇంట్లోకి మేకలొచ్చాయి. నేను ఆ హెర్బేరియం షీటు ఫోటో కంప్యూటర్లో చూశాను. ఆకులు గోధుమరంగు తిరిగాయి. ఎంత ఎండిపోయినా పువ్వుల రేకులు మాత్రం తెలుస్తున్నాయి.

సరే, పేర్ల సంగతి రెండు ముక్కల్లో. ఫారెస్టియెరా అనగానే ఫారెస్ట్, అడవి అనుకుంటారు. కాదు. పోయిరే అని ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త, ఆయనకి చిన్నప్పుడు సెయింట్ క్వెంటిన్ ఊళ్ళో మొక్కల గురించి మొదట చెప్పిన డాక్టర్ పేరు ల ఫారెస్టియే. 1810లో కొత్త ప్రజాతికి పేరు పెట్టాల్సి వస్తే గురువుగారి పేరు పెట్టాడు. ఒక్క పాటల పుస్తకం రాయని, ఒక్క రాజ్యం ఏలని ఊరి డాక్టర్ పేరు, శిష్యుడి పుణ్యమా అని, టెక్సస్ కంచెల మీద ఉంది. మన మోచేతి పొదకి ప్యూబెసెన్స్ అని పేరుపెట్టింది థామస్ నటాల్. యార్క్‌షైర్‌లో పుట్టి, అచ్చుయంత్రం దగ్గర పని నేర్చుకున్న మనిషి, 1808లో ఫిలడెల్ఫియా వచ్చి మొక్కల పిచ్చిలో పడ్డాడు. 1819లో అర్కాన్సా సీమలో, ఇక్కడికి ఉత్తరాన రెడ్ రివర్ దాకా తిరిగి, జ్వరంతో చావు తప్పి బయటపడ్డాడు. ఆ ప్రాంతపు మొక్కల మీద ఆయన రాసిన దాంట్లోనే, 1835లో, ఈ పేరు కనపడుతుంది.

ఇంకో తమాషా. ఈ పొదల ఆకులు తినే ఒక పెద్ద రెక్కలపురుగు ఉంది, స్ఫింక్స్ జాతిది. దాని పేరు ఇన్సెన్స్ సీడర్ స్ఫింక్స్. సీడర్ చెట్టు పేరు పెట్టారు గానీ పిల్లపురుగులు తినేది ఫారెస్టియెరా ఆకులు. పాపం ఈ మొక్కకి పేరు దక్కాల్సిన చోట కూడా దక్కలేదు.

ఇక నా కోపం సంగతి. చైనీస్ ప్రివెట్. 1852లో తోటల అందానికని తెచ్చారు. ఇవాళ దక్షిణాది రాష్ట్రాల్లో వాగుల వెంట ఎక్కడ చూసినా అదే. పిట్టలు పండు తిని గింజలు వేస్తాయి, అవి దట్టంగా మొలిచి కింద ఇంకేదీ పెరగనివ్వవు. వైట్ రాక్ చెరువు పక్కన వాలంటీర్లమంతా చలికాలంలో రంపాలు పట్టుకుని దాన్ని కోస్తుంటాం, మరుసటేడు మోడు నుంచి మళ్ళీ వస్తుంది. అదీ మల్లె చుట్టమే. ఒకే ఇంట్లో ఒకడు ఊరికి పనికొస్తాడు, ఇంకొకడు ఊరిని కాల్చుకుతింటాడు. మన ఇళ్ళముందు కంచెలు చూడండి, సగం ప్రివెట్లే. నాటింది మనం కాదు, బిల్డర్లు. కానీ నీళ్ళు పోసి కత్తిరిస్తున్నది మనమే.

మరి దీన్ని తీసేసి ఎల్బో బుష్ నాటితే? నేను నాటాను. కంచె మూల ఉన్నది కాక ఇంటి ముందు వరసగా నాలుగు. ఫిబ్రవరిలో, బ్రహ్మాండంగా పూసి ఉన్నప్పుడు, మా కాలనీ అసోసియేషన్ నుంచి కవరు వచ్చింది. "మీ ఇంటిముందు ఎండిపోయిన పొదలు ఉన్నాయి. 14 రోజుల్లో తొలగించండి. లేకపోతే జరిమానా." (నవ్వులు) నేను భూతద్దంలోంచి ఫోటోలు తీసి, పెద్దవి చేసి, తేనెటీగతో సహా, తిరుగుటపాలో పంపాను. జవాబు రాలేదు. జరిమానా కూడా రాలేదు. ఏప్రిల్‌లో ఆకులొచ్చాక అటువైపు వెళ్తూ ఒకాయన కారాపి "ఏం మొక్క ఇది, బాగుందే" అన్నాడు. ఆయన ఆ కమిటీలో ఉన్నాడని తర్వాత తెలిసింది.

ప్రశ్నలు అడగండి.

(ఒకరు: "అండీ, ఆలివ్ చుట్టం అన్నారు కదా, ఊరగాయ పెట్టుకోవచ్చా?")

ఈ ప్రశ్న రాకపోతే ఇది తెలుగు సభే కాదు. గింజ మీద పల్చటి కండ ఉంటుంది, దానికి ఉప్పు, కారం దండగ. పిట్టలకి వదిలేయండి.

(ఇంకొకరు: "అక్కా, గాలికి పుప్పొడి వదులుతుందంటున్నారు, మా ఆయనకి జనవరి వస్తే కళ్ళు తెరవలేడు. దీనివల్లేనా?")

జనవరిలో అయితే చాలావరకు మౌంటెన్ సీడర్, ఆస్టిన్ వైపు కొండల్లోది, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దుమ్ములా లేస్తుంది. దాన్నే సీడర్ ఫీవర్ అంటారు. కానీ నిజం చెప్పాలంటే ఆలివ్ ఇంట్లో కూడా ఎలర్జీ తెచ్చేవి ఉన్నాయి, ఆలివ్ పుప్పొడి, యాష్ పుప్పొడి పేరుమోసినవే. ఇది చిన్నపొద కాబట్టి పెద్ద భయం లేదు. అయినా మీవారికి అంత ఇబ్బంది ఉంటే పడకగది కిటికీ కింద నాటొద్దు. పెరటి చివర నాటుకో అమ్మా.

(ఒక కుర్రాడు: "ఎక్కడ దొరుకుతుంది ఆంటీ?")

పెద్ద దుకాణాల్లో దొరకదు. స్థానిక మొక్కలు మాత్రమే అమ్మే నర్సరీలు ఉన్నాయి, శరదృతువులో అడుగు. నాటాల్సింది కూడా అప్పుడే, చలికాలం వేరు పట్టుకుంటుంది. సున్నపురాయి నేలైనా, మన నల్లరేగడైనా సరే. మొదటి వేసవి నీళ్ళు పోయి, తర్వాత మర్చిపో. కొమ్మ కత్తిరించి గుండ్రంగా చెయ్యాలని మాత్రం చూడకు. మోచేతులు విరిచేస్తే ఇంక ఆ పేరెందుకు?

సరే, చాలు. ఇప్పుడు ఈ పుల్లలు తీసుకోండి. ఇందులో సగం మా పెరట్లోవి. సగం మా పక్కవీధి స్నేహితురాలి పెరట్లోవి, వాళ్ళది కాసే పొద. కారులో వస్తుంటే సీసాలో కలిసిపోయాయి, ఏది పోతో ఏది పెంటో నాకూ తెలీదు. భూతద్దం కంటికి ఆనించి, పుల్లని దగ్గరికి తెచ్చుకోండి. పసుపు తిత్తులు కుచ్చుగా ఉంటే పోతు. ఆకుపచ్చ సీసాలాంటిది సన్నటి మెడతో కనపడితే పెంటి. భూతద్దం దొరకనివాళ్ళకి ఇంకో ఉపాయం ఉంది. ఎవరైనా నల్లచొక్కా వేసుకొచ్చారా? మీరా అన్నయ్యా? ఇలా రండి, చెయ్యి చాపండి. ఈ పుల్లని మీ చేతి మీద ఒక్కసారి తడతాను.

ఆ, చూశారా. పసుపు.